రెండున్నర కిలోల చెయ్యి

ఆకివీడు,
10 జూలై 2023

ఒరేయ్ ఖాదరూ,

ఫోన్ చేస్తే నువ్వు "ఎవరండీ, ఏవండీ, గట్టిగా చెప్పండీ" అని పావుగంట కేకలేసి పెట్టేస్తావు. నలభై ఏళ్ళు రేకులు కొట్టి కొట్టి చెవులు పోగొట్టుకున్నవాడితో ఫోన్లో మాట్లాడటం కన్నా ఏలూరు దాకా నడిచొచ్చి చెప్పటం తేలిక. అందుకే ఉత్తరం. నాకు కూడా ఈ మధ్య మాట్లాడే ఓపిక తగ్గింది. నేనూ పుష్పా ప్రభువు దయవల్ల బాగానే ఉన్నాం.

అసలు సంగతి బండిది. మన తెల్ల అంబాసిడర్ ఎనభై నాలుగు మోడలుదే అయినా ఇప్పటికీ రాజాలా ఉంది. ఆకివీడు నుంచి కైకలూరు దాకా ఏ చర్చిలో పెళ్ళి జరిగినా పెళ్ళికూతురు అందులోంచి దిగాల్సిందే. అద్దె ఏసీ కార్లు ఎన్ని వచ్చినా మనవాళ్ళకి ఫోటోలో అంబాసిడరే కావాలి. ఇంజనుకి ఏ లోటూ లేదు. లోటంతా నాకే వచ్చింది. కుడి భుజం పట్టేసింది. వయసు అరవై రెండు, అంతే, కంగారు పడకు.

రోజూ పొద్దున్నే రేడియేటర్లో నీళ్ళు చూడాలి కదా. బానెట్ ఎడమచేత్తో ఎత్తగలను. కానీ ఎత్తి పట్టుకుని కింద ఊతకడ్డీ నిలబెట్టటానికి ఇంకో చెయ్యి కావాలి. ఆ ఇంకో చెయ్యి కోసం పక్కింటి ఏసుబాబుని పిలవాల్సి వస్తోంది. కొత్త కార్లకి డిక్కీ దగ్గర గ్యాస్ రాడ్లు ఉంటాయి చూడు, స్ట్రట్లంటారు. కాస్త ఎత్తి వదిలేస్తే అవే పైకి తీసుకెళ్ళి అక్కడే నిలబెడతాయి. అలాంటివి మన బానెట్‌కి బిగించాలి. అంబాసిడర్‌కి కుదరదని మాత్రం చెప్పకు. కుదరనివి కుదర్చటానికే కదా తాడేపల్లిగూడెంలో మేస్త్రి గారి షెడ్డులో ఆరేళ్ళు ఇద్దరం తిట్లు తిన్నాం.

ఇంకొకటి. మొన్న చెరువు గట్టు మీద వస్తుంటే బ్రేకు ఎడమకి లాగింది. ముందు చక్రం గట్టు దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కుడి పక్క డ్రమ్ములో ఆయిలు పడి ఉంటుంది, నేనే చూసుకుంటాను.

నీ
ఎలీయాజరు


ఏలూరు,
19 జూలై 2023

ఎలీ,

నీ ఉత్తరం చదవటానికి మా ఆవిడ సాజిదా, నేనూ ఇద్దరం కూర్చోవాల్సి వచ్చింది. షెడ్డులో బిల్లులన్నీ నీతోనే రాయించేవారు మేస్త్రి గారు, నా రాత కోళ్ళు గీకినట్టు ఉంటుందని. ఇప్పుడు నీ రాతకంటే నాదే నయం. కళ్ళజోడు మార్చుకో.

అంబాసిడర్‌కి స్ట్రట్లు కుదురుతాయి. కుదరనిది నీ తొందర. అది డిక్కీ తలుపు కాదు, పాతకాలపు మందపు రేకు. స్ట్రట్ బలం తక్కువైతే బానెట్ నెత్తిన పడుతుంది. ఎక్కువైతే మడతబందులు వంకరపోతాయి, పైగా కిందికి దించటం నీ తరం కాదు. ఇది అందరూ మర్చిపోయే విషయం. స్ట్రట్ ఎత్తేటప్పుడు ఎంత సాయం చేస్తుందో దించేటప్పుడు అంత ఎదురు తిరుగుతుంది. అందుకని నాకు రెండు లెక్కలు కావాలి. ఒకటి, బానెట్ ముందు అంచుకి తాడు కట్టి, వేలాడే కాటాకి తగిలించి, లేచేటప్పుడు ఎన్ని కిలోలు చూపిస్తుందో రాయి. రెండు, అదే కాటాని నీ ఎడమచేత్తో కిందికి లాగు. ముల్లు ఎక్కడ ఆగిందో అది కూడా రాయి. ఉరమరగా వద్దు, సరిగ్గా రాయి.

బ్రేకు సంగతి నాకు నచ్చలేదు. బ్రేకు లాగితే బండి ఓ జానెడు పక్కకి పోతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ గట్ల మీద నడిపే నీ చేతిలో చక్రం గట్టు దిగటమేమిటి? డ్రమ్ములు రెండూ విప్పించి చూడు.

ఖాదర్


ఆకివీడు,
14 ఆగస్టు 2023

ఖాదరు మేస్త్రి గారికి,

తమరి ఆజ్ఞ ప్రకారం తూకం వేశాను. ఇక్కడ కాటాకేం లోటు, ఊరంతా చేపలే కదా. రేవులో చేపలు కొనే ప్రసాదరావు గారి గుమస్తాని అడిగితే వేలాడే కాటా ఒక పూటకి ఇచ్చాడు. ఏసుబాబు చింత కొమ్మకి దాన్ని కట్టాడు. బానెట్ పది కిలోలు తూగింది. బండి చుట్టూ పదిమంది చేరి ఇదేం చేపండీ అని ఒకటే నవ్వటం. నా ఎడమచెయ్యి ఆరు కిలోలు. రాసుకో.

ఇప్పుడు నీకు అసలు గొడవ చెప్పాలి. విజయవాడలో ఒకాయన పాత కార్లు పోగేసి పెళ్ళి ఫోటోలకి అద్దెకిస్తాడు. మన బండి కోసం రెండేళ్ళుగా తిరుగుతున్నాడు. ఇన్నాళ్ళూ ఆయన్ని గుమ్మంలోంచే పంపించేసిన పుష్ప ఈసారి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది! ఆయన వెళ్ళాక ఇద్దరం బాగా పోట్లాడుకున్నాం. చివరికి ఆవిడే దిగొచ్చింది. ఏమందో ఆవిడ మాటల్లోనే రాస్తాను.

"సరేనండీ. బానెట్ మీరొక్కరే ఎత్తి మీరొక్కరే దించగలిగినన్నాళ్ళు బండి మనింట్లోనే ఉంటుంది. పెళ్ళిళ్ళకి ఎప్పటిలాగే మీ పక్క సీట్లో నేను కూర్చుంటాను. మాటిస్తున్నాను. ఇంకో మనిషిని చెయ్యి వెయ్యమని పిలవాల్సొస్తే మాత్రం తాళాలు నా చేతికిచ్చెయ్యాలి."

నేను ఒప్పుకున్నాను. కాబట్టి ఇది బానెట్ పని అనుకోకు. ఆ బండి లేకపోతే నేను పొద్దున్నే లేచి ఏం చెయ్యాలిరా? అరుగు మీద కూర్చుని చేపల లారీలు లెక్కపెట్టుకోవాలి. నీకు దండం పెడతాను, కాస్త మనసు పెట్టి చెయ్యి.

ఎలీ


తాడేపల్లిగూడెం,
11 సెప్టెంబరు 2023

ఎలీ,

అమ్మాయి సబీహాని చూడటానికి గూడెం వచ్చాను. అల్లుడు ఇలియాస్ స్పేర్ పార్టుల షాపు పెట్టాడని చెప్పాను కదా. ఇద్దరం మూడు రోజులు వెతికి నీ పది కిలోలకి సరిపోయే జత పట్టాం. రేపు బస్సు పార్సిల్లో వేస్తాను. స్ట్రట్ కొసలు తగిలించే గుండు తలల స్టడ్లు, బిగించే పట్టీలు అన్నీ అందులోనే ఉంటాయి. బెజ్జాలు ఎక్కడ వెయ్యాలో అట్టముక్క మీద గీసి పెట్టాను. ఏసుబాబు చేత వేయించు. సన్నగా మెరిసే కడ్డీ కిందికి ఉండాలి, లావు గొట్టం పైకి. తలకిందులు చేస్తే ఏడాదికే గ్యాస్ పోతుంది. ఆ గొట్టానికి వెల్డింగు తగలనివ్వద్దు, పేలుతుంది. పాత ఊతకడ్డీ తీసెయ్యకు.

మేస్త్రి గారి షెడ్డు ఉన్న చోటికి వెళ్ళాను. సెల్ ఫోన్ల షాపు పెట్టారు. నువ్వు ఇంజను ఆయిల్లో జారిపడ్డ చోట అద్దాల బల్ల వేశారు. చెప్తే ఆ షాపతను నమ్మలేదు.

పుష్పమ్మ పెట్టిన షరతు నాకు వింతగా ఉంది. ఇన్నేళ్ళలో ఆవిడ బండి విషయంలో అడ్డు చెప్పలేదు. నువ్వు నాకేదో చెప్పలేదని అనిపిస్తోంది. నేను చెవిటివాణ్ణే కానీ తెలివి తక్కువవాణ్ణి కాదు.

ఖాదర్


ఆకివీడు,
9 అక్టోబరు 2023

ఖాదరూ,

కుదరలేదు. అట్టముక్క పెట్టి నువ్వు గీసినచోటే బెజ్జాలు వేశాం. బానెట్ సగం దాకా లేచింది. అక్కడ ఆగలేదు. మెల్లిగా దిగటం మొదలుపెట్టి చివర్లో ఒక్కసారిగా పడింది. తల వెనక్కి తీసుకున్నాను. కుడిచెయ్యి తీసుకోలేకపోయాను. ఎముక విరగలేదులే.

పుష్ప పసుపు పెట్టి కట్టు కట్టింది. "క్రిస్మస్ దాటనివ్వండి, ఖాదర్ అన్నయ్య గారు ఇంకోసారి చేసి చూస్తారు. ఆ తర్వాత చూద్దాం" అంది. అంటే కొత్త సంవత్సరం దాకా గడువు.

ఈ అక్షరాలు చూసి తిట్టకు. ఎడమచేత్తో రాస్తున్నాను. ఈ ముక్క రాయటానికి రెండు రోజులు పట్టింది. కుడి భుజం ఇంకా పట్టేసే ఉంది.

ఎలీ


ఏలూరు,
21 అక్టోబరు 2023

ఒరేయ్ వెధవా,

తప్పు ఎక్కడుందో దొరికింది! వారం రోజులు నాకు నిద్ర లేదు. లెక్క నాలుగుసార్లు వేశాను, నాలుగుసార్లూ సరిగ్గానే వచ్చింది. అప్పుడు ఇక్కడ స్టేషన్ దగ్గర ఉండే పాత అంబాసిడర్ ఓనరుని బతిమాలి, దాని బానెట్ తూకం వేశాను. పదమూడు! నీ బానెట్‌కీ దీనికీ మూడు కిలోలు తేడా ఎందుకు రావాలి? మేకులా అదే బుర్రలో దిగబడింది. చివరికి చేపల మార్కెట్లో మీ వైపు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరుని అడిగాను. నాకు వినపడదు కదా, అతను పగలబడి నవ్వుతూ కాగితం మీద రాసిచ్చాడు. రేవు కాటాలు తడి తట్ట బరువు మూడు కిలోలు ముందే తగ్గించి పెట్టి ఉంటాయట. ప్రతిసారీ తీసేసే పని లేకుండా. ముల్లు సున్నా దగ్గర చిన్న మేకుకి ఆనుకుని ఉంటుందట, తప్పు ఉన్నట్టే కనిపించదట.

అరవై ఏళ్ళుగా కొల్లేటి ఒడ్డున బతుకుతూ చేపలు కొనేవాడి కాటాతో బానెట్ తూచావా? మేస్త్రి గారు బతికుంటే నిన్ను షెడ్డు చుట్టూ తరిమేవారు.

ఇంకో మంచి మాట విను. అదే కాటాతో తూచావు కాబట్టి నీ చెయ్యి కూడా ఆరు కాదు, తొమ్మిది! తొమ్మిది కిలోల చెయ్యి ఉన్నవాడు ఏడవటమెందుకు? ఈ సారి పదమూడుకి తగ్గ జత తెస్తాను. కొత్త సంవత్సరానికి నీ బండి నీ ఇంట్లోనే ఉంటుంది. సాజిదాకి చదివి వినిపించాను, అది కూడా సంతోషించింది.

ఖాదర్


ఆకివీడు,
16 నవంబరు 2023

ఖాదరూ,

దస్తూరి పుష్పది. చెప్పేది నేను. కుడిచేతికి దెబ్బ, ఎడమచేత్తో రాస్తే రోజులు పడుతోందని కొన్నాళ్ళు రాయొద్దంది.

నువ్వంత సంబరపడి రాసేసరికి నాకు అన్నం సయించలేదు. ఆ కాటాకి బానెట్ తగిలించిన మాట నిజమే. చెయ్యి తగిలించలేదు. చుట్టూ పదిమంది ఉన్నారు, అందరి ముందూ లాగి చూపించటం ఎందుకని ఆరు అని నోటికొచ్చింది రాసేశాను. నిన్న ఏసుబాబు కిరాణా కొట్టు నుంచి మంచి కాటా తెచ్చాడు. తలుపు వేసుకుని లాగాను. రెండున్నర. మళ్ళీ లాగాను. రెండున్నరే.

డాక్టరు నరాల నీరసం అన్నాడు, బిళ్ళలు ఇచ్చాడు. చలికాలం పోతే సర్దుకుంటుంది. రెండున్నర కిలోల చేతికి లొంగే బానెట్ చెయ్యగలిగితే చెయ్యి. చెయ్యలేనంటే నిజం చెప్పెయ్యి, నేనేమీ అనుకోను.

ఎలీయాజరు

అన్నయ్య గారికి పుష్పమ్మ నమస్కారాలు. పైన ఆయన చెప్పింది చెప్పినట్టు రాశానండి. ఇక్కడి నుంచి నా మాటలు. ఇవి ఆయనకి చదివి వినిపించను.

నరాల నీరసం కాదండి. ఏప్రిల్లో విజయవాడ తీసుకెళితే పెద్ద డాక్టరు గారు పరీక్షలన్నీ చేసి మా ఇద్దరికీ చెప్పారు. కండని కదిపే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయట. మొదట చేతులు, తర్వాత కాళ్ళు, మాట, మింగటం. మందు లేదన్నారు. ఇచ్చిన బిళ్ళలు కొద్ది నెలలు ఆలస్యం చేస్తాయంతే. అప్పుడే మాట ముద్దగా వస్తోంది. మీకు వినపడదు కాబట్టి ఉత్తరం రాస్తున్నానని ఆయన అంటారు గానీ, వినపడినా ఆయన ఫోన్ చెయ్యరు.

చెరువు గట్టు మీద బ్రేకు లాగలేదండి. మలుపు దగ్గర స్టీరింగు తిప్పటానికి చెయ్యి లేవలేదు. వెనక సీట్లో పెళ్ళికూతురు జ్యోత్స్న, వాళ్ళమ్మ ఉన్నారు. ముందు చక్రం నీళ్ళ అంచులో ఆగింది. నేను పక్కనే ఉన్నాను, ఆ చెయ్యి చూశాను. ఆయన బ్రేకు అన్నారు, నేను అవునన్నాను.

ఆ తర్వాత ఇంకా నాలుగు పెళ్ళిళ్ళకి బండి నడిపారు. నాలుగుసార్లూ స్టీరింగు కింది పక్క నా చెయ్యి కూడా వేసి కూర్చున్నాను. పెళ్ళివాళ్ళు చూసి ముద్దుగా ఉన్నారనుకుని నవ్వారు.

బండి ఆపండని నేను చెబితే ఆపేస్తారు. కానీ ఆపింది నేనవుతాను. ఇంకెన్నాళ్ళు ఉంటారో తెలియని మనిషికి ఆ మాట నా నోటితో చెప్పలేనండి. అందుకే బానెట్ మీద పెట్టాను. అది ఎలాగూ లేవదనుకున్నాను. మీరు లేపుతారని అనుకోలేదు. లేచి దిగితే నేను మాట తప్పలేను, ఆయన పక్కన కూర్చోవాలి, వెనక ఎవరి బిడ్డో కూర్చోవాలి.

మీరు రండి. బిగించండి. కానీ అది ఆయన చేతికి లొంగకుండా చూడండి అన్నయ్య గారూ. ఇలా అడిగినందుకు నన్ను క్షమించండి.

చెల్లెలు
పుష్పమ్మ


ఏలూరు,
8 డిసెంబరు 2023

ఎలీ,

జవాబు ఆలస్యమైంది. మూడుసార్లు రాసి చింపేశాను. ఆరు అని అబద్ధం రాసినందుకు నిన్ను తిట్టాలని కూర్చున్నాను, తిట్లు రాలేదు.

రెండున్నర కిలోల చేతికి కుదురుతుందా అని అడిగావు. నువ్వూ మెకానిక్కువే, నీకు దాచేదేముంది. అంతా బానెట్ లోపల స్టడ్ ఎక్కడ పెడతామన్న దానిలో ఉంది. అద్దం వైపు జరిపితే స్ట్రట్ మెతకబడుతుంది, ఎత్తటం, దించటం రెండూ చిన్న పని. లైట్ల వైపు జరిపితే మొండికేస్తుంది. వేలితో తాకినా పైకి లేస్తుంది, దించాలంటే మాత్రం మనిషి వేలాడాలి. మధ్యలో తేడా రెండంగుళాలు. అంతే.

జనవరి ఏడు ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తాను. కొత్త జత, బ్యాటరీ డ్రిల్లు తెస్తాను. మీరు చర్చి నుంచి వచ్చేసరికి పని మొదలుపెడతాను. నాకోసం పెద్ద వంటలు పెట్టుకోవద్దు.

పుష్పమ్మకి చెప్పు, ఆవిడ దస్తూరి చక్కగా ఉంది, ఆఖరి అక్షరం దాకా చదివానని.

ఖాదర్


ఏలూరు,
10 జనవరి 2024

ఎలీ,

క్షేమంగా చేరాను. బస్సులో అంతా అదే ఆలోచన. లెక్క ఎక్కడ తప్పిందో ఇప్పటికీ తేలలేదు. బానెట్ మడతబందులు బాగా అరిగిపోయి ఉన్నాయి. రేకు కూడా ఒక పక్కకి ఒరిగింది. నలభై ఏళ్ళ బండి కదా. అలాంటి దానికి ఎక్కడ స్టడ్ పెట్టినా ఒకటేనని నా ఉద్దేశం. ఇంకో రకం స్ట్రట్ తెచ్చినా ఇంతేలే.

పైకి అంత తేలిగ్గా లేచినప్పుడు నీ మొహం చూశాను. ఆ తర్వాత దించటానికి నువ్వు మోచేయి తగిలించి వేలాడటం కూడా చూశాను. రెండోసారి వద్దన్నాను, విన్నావు కాదు. మూడోసారి పుష్పమ్మ వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. తాళాలు నువ్వే తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టావు. ఏమన్నావో నాకు వినపడలేదు. అడగాలనిపించలేదు.

ఆ విజయవాడ ఆయనకి బండి ఇచ్చేటప్పుడు బండి మీద కప్పే కవరు కూడా ఇచ్చెయ్యి, ఎండకి రంగు పోతుంది. నాకు చేతనైంది ఇంతేరా. నాకింక చేతకాదు.

ఖాదర్


ఆకివీడు,
2 ఫిబ్రవరి 2024

ఖాదరూ,

ఎడమచేత్తో, నాలుగు రోజులుగా, ఎవరూ లేనప్పుడు రాస్తున్నాను. పొడవు మాటలు రాయలేను. ఓపిగ్గా చదువు.

ఆ రోజు నన్ను లోపలికి వెళ్ళి అన్నం తినమన్నావు. నేను బెజ్జాలు వేసి వస్తానన్నావు. తింటూ విన్నాను. బానెట్ లోపలి రెండు స్టడ్లకి రెండు బెజ్జాలు చాలు, కిందివి అప్పటివే. డ్రిల్లు రెండుసార్లు మోగింది. చాలాసేపు ఊరుకుంది. మళ్ళీ రెండుసార్లు మోగింది. చెవుడు నీకు, నాకు కాదు. డ్రిల్లు ఎంత గట్టిగా అరుస్తుందో నువ్వు మర్చిపోయావు. పుష్ప కూడా వింది, కానీ ఆవిడకి లెక్క తెలియదు.

పన్నెండో తారీకు శుక్రవారం పుష్ప సాయంత్రం దాకా జరిగే స్త్రీల ప్రార్థనకి వెళ్ళింది. బానెట్ ఎత్తాను. వేలితోనే లేచింది. లోపల తడిమి చూశాను. నీ స్టడ్లకి రెండంగుళాలు వెనక, అద్దం వైపు, మైనం మెత్తి పైన తెల్ల రంగు పూసి ఉంది. రంగు ఇంకా జిగటగానే ఉంది. గోటితో గీస్తే బెజ్జం. రెండో పక్క కూడా బెజ్జం. ఏసుబాబు వేసిన పాతవి కావు, అవి ఇంకో చోట ఉన్నాయి.

మొదట సరైన చోటే వేశావు. తప్పు చోట వెయ్యటానికి నీకు చెయ్యి రాలేదు. పెట్టి చూసుకున్నావు, కుదిరింది. అప్పుడు మార్చావు. అంతేనా?

స్టడ్లు విప్పాను. స్పానరుకి పైపు తొడిగి, పైపు మీద ఛాతీ ఆనించి తిప్పాను. పది గంటలకి మొదలుపెడితే పన్నెండున్నరకి సరైన బెజ్జాల్లో పెట్టాను. ఎత్తాను. లేచింది, నిలబడింది. దించాను. దిగింది, తాళం పడింది. ఒక్క చేత్తో, ఒక్కణ్ణే. ఆరుసార్లు ఎత్తి ఆరుసార్లు దించాను. రెండున్నర కిలోల చేతికి ఎంత బాగా చేశావురా!

కోపం వచ్చింది. ఆ కాసేపు నిన్ను చంపేద్దామనిపించింది. పుష్ప వచ్చేలోగా వీధిలో నిలబడి అందరి ముందూ ఎత్తి దించుదామనుకున్నాను. వెళ్ళి సీట్లో కూర్చున్నాను. స్టీరింగు తిప్పి చూశాను. బండి ఆగి ఉన్నప్పుడు అది ఎవరికైనా బరువే, అందుకని నాకు నేను సర్దిచెప్పుకుందామని చూశాను. హారన్ నొక్కబోతే బొటనవేలు వంగలేదు. ఆ వేలు వంగటం మానేసిందని నాకు అప్పటిదాకా తెలియదు.

బ్రేకు లాగలేదు ఖాదరూ. అది నీకు తెలుసనుకుంటాను. పుష్ప నీకు ఏదో రాసి ఉంటుంది. ఏం రాసిందో అడగను. కానీ ఆ బానెట్ దిగితే ఆవిడ నా పక్కన కూర్చోవాలి. మాటిచ్చింది. కూర్చుంటుంది కూడా. మునిగినా కూర్చుంటుంది.

మళ్ళీ విప్పాను. నీ తప్పు బెజ్జాల్లోనే బిగించాను. ఇటు రెండు గంటలు కూడా పట్టలేదు, చెయ్యి అలవాటు పడింది. మైనం లేదు. గోధుమపిండి ముద్ద చేసి సరైన బెజ్జాల్లో కూరాను. ఆవిడ వచ్చేసరికి మంచం మీద ఉన్నాను. ఎందుకు చెమటలు పట్టాయని అడిగింది. ఎండ అన్నాను.

సోమవారం బండి వెళ్ళిపోయింది. పుష్ప బయటికి రాలేదు. తీసుకెళ్ళటానికి వచ్చిన డ్రైవరు పేరు మత్తయి. స్టడ్లు రెండంగుళాలు అద్దం వైపు జరిపించుకోమని, బెజ్జాలు అక్కడే ఉన్నాయని చెప్పాను. మాట ముద్దగా వచ్చింది, మూడుసార్లు చెప్పాక అర్థమైంది అతనికి. మన పని చూసి ఇంకో మెకానిక్కు నవ్వకూడదు కదా.

ఈ మధ్య కవర్లు చింపటం నా వల్ల కావటం లేదు. వచ్చిన ఉత్తరం పుష్పే విప్పి, చదివి వినిపిస్తోంది. నీ చేత ఆ పని చేయించుకుని నన్ను మోసం చేశానని ఆవిడ రోజూ లోపల ఏడుస్తోంది, నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకి తెలిస్తే బతకలేదు. ఇది పోస్టుమాన్ చేతికి నేనే ఇస్తున్నాను. నీకు నాతో చెప్పాల్సింది చాలా ఉంటుంది. నాకూ ఉంది. కానీ దీనికి జవాబు రాయకు.

ఎలీ